పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్: పెట్రోలు ట్యాంకుకు పూత పోయించాలా, కొత్తది వేయాలా, పెద్దది చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వద్ద 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 క్యాంపర్ వ్యాన్ ఉంది. 1600 సీసీ ఇంజను, కార్బురేటరు, బ్రిటన్ రిజిస్ట్రేషన్. ఫిల్టరులో ఎర్రని పొడి పేరుకుంటోంది, ట్యాంకు నిండా పోయించిన రోజున వెనుక సీటు దగ్గర పెట్రోలు వాసన వస్తోంది. ట్యాంకు లోపల పూత పోయించమని ఒకరు, ఎలాగూ దించుతున్నారు కనుక ఎక్కువ లీటర్లు పట్టే అల్యూమినియం ట్యాంకు చేయించమని మరొకరు సలహా ఇచ్చారు. వీటిలో ఏది మేలన్నది మీ సందేహం.

పాత కొలతలతోనే తయారైన కొత్త ఉక్కు ట్యాంకు వేయించండి. పూత వద్దు, పెద్ద ట్యాంకూ వద్దు. ట్యాంకుకు తగిలి ఉన్న రబ్బరు భాగాలన్నింటినీ, ఒక్కదాన్నీ మినహాయించకుండా, అదే విడతలో మార్చించండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఎర్రని పొడి ట్యాంకుది. వాసన దాదాపుగా ఖాయంగా రబ్బరుది. కొత్త ట్యాంకు వేసి పాత రబ్బరు ఉంచితే పొడి ఆగిపోతుంది కానీ వాసన అలాగే ఉంటుంది. రబ్బరు ఒక్కటే మార్చితే వాసన పోయినా, వచ్చే వేసవిలో ఏదో ఒక రహదారి పక్కన ఇంజను ఆగిపోతుంది.

నేను ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో, గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్ల పని మాత్రమే చేసే చిన్న వర్క్‌షాపులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కింద రాసేదంతా ఆ పనిలో చూసినదీ, చేసినదీ.

ముందుగా ఈ వ్యాన్‌లో ట్యాంకు ఎక్కడ ఉంటుందో చెప్పుకోవాలి, ఎందుకంటే తక్కిన నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. 1967 నుంచి 1979 దాకా జర్మనీలో తయారైన ఈ తరం వ్యాన్‌కు, అంటే ముందు అద్దం ఒకే వంపుగా ఉండే ‘బే విండో’ రకానికి, ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. ఇంజను గదికి ముందు, గేర్‌బాక్సుకు పైన, సామాను పెట్టే చదును కింద ట్యాంకు ఒదిగి ఉంటుంది. రెండు ఇనుప పట్టీలు దాన్ని పట్టి ఉంచుతాయి. మీ సంవత్సరపు వ్యాన్‌లో ఇంజను గదికీ ట్యాంకుకూ మధ్య స్క్రూలతో బిగించిన రేకు ఒకటి అడ్డుగా ఉంటుంది. దాన్నే ఫైర్‌వాల్ అంటారు. ట్యాంకు కిందికి దిగదు, పైకీ రాదు. ఇంజను దించి, ఆ రేకు విప్పి, ట్యాంకును ఇంజను గదిలోకి లాగితేనే బయటికి వస్తుంది.

అందువల్ల మీరు పూత పోయించినా, కొత్త ట్యాంకు వేయించినా, బంగారంతో చేయించినా కూలి మాత్రం ఒక్కటే. ఖర్చులో పెద్ద భాగం ఇంజను దించి మళ్లీ ఎక్కించడానికే పోతుంది. అటువంటప్పుడు ఐదారేళ్లలో మళ్లీ ఇంజను దించే అవసరం రాకుండా చేసేదేదో అదే చౌక. ట్యాంకు ధరలో కొంత మిగుల్చుకుందామని పూతకు వెళ్లేవారు ఈ లెక్క వేసుకోరు.

పూత విషయంలో నా అభ్యంతరం ఏమిటంటే, అది నిలిచేదీ ఊడేదీ లోపలి లోహాన్ని ఎంత శుభ్రం చేశారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది, ఆ శుభ్రతను కంటితో చూసి నిర్ధారించుకునే వీలు ఈ ట్యాంకులో లేదు. లోపల అడ్డ రేకులు ఉంటాయి, వాటి వెనుక మూలల్లో తుప్పు ఉంటుంది, దశాబ్దాల నాటి జిగురు పేరుకుని ఉంటుంది. ఆ జిగురుమీద పూత రెజిన్ పోస్తే కొన్నాళ్లు అద్దంలా కనిపిస్తుంది, తర్వాత పొరలుగా లేస్తుంది. పైగా పాతకాలపు పూతల్లో కొన్ని ఇథనాల్ అనే ఆల్కహాలు కలిసిన పెట్రోలుకు మెత్తబడిపోతాయి. మా దగ్గరికి వచ్చిన 1972 నాటి వ్యాన్ ఒకటి పట్టణంలో చక్కగా నడిచేది. రహదారిమీద ఇరవై నిమిషాలు వేగంగా వెళ్లగానే ఆగిపోయేది. పక్కన ఆపి కాసేపు ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. యజమాని కార్బురేటరు మార్చారు, ఫ్యూయల్ పంపు మార్చారు, కాయిల్ కూడా మార్చారు. ట్యాంకు దించి చూస్తే అరచేయంత పూత పెచ్చు ఒకటి లోపల తేలుతూ, పెట్రోలు జోరుగా లాగినప్పుడల్లా అడుగు రంధ్రానికి మూతలా అతుక్కుంటోంది. ఇంజను ఆగగానే లాగుడు తగ్గి పెచ్చు వదిలేసేది. మీ ట్యాంకుకు గతంలో ఎవరైనా పూత పోయించి ఉంటే ఈ లక్షణాన్ని గుర్తుంచుకోండి.

పాత ట్యాంకునే ఉంచుకోదగిన సందర్భం కూడా ఒకటి ఉంది. లోహం మందంగా, గట్టిగా ఉండి, లోపల పలుచని తుప్పు పొర మాత్రమే ఉంటే, ఆ జర్మన్ ట్యాంకు ఇప్పటి నకలు ట్యాంకులకన్నా మెరుగైనదే. ట్యాంకును బయటికి తీసి, పెట్రోలు ఆవిరి పూర్తిగా పోయాక, అడుగు భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. అంతటా ఒకే మోత వస్తే లోహం బాగుందని అర్థం. ఒకచోట మోత చచ్చినట్టు వస్తే అక్కడ లోపల తినేసింది. ముఖ్యంగా పట్టీలు బిగిసే చోట, ట్యాంకు ఆనుకునే ఫెల్టు పట్టీల కింద, అడుగున పెట్రోలు బయటికి వచ్చే గొట్టం మొదట్లో చూడండి. ఫెల్టు ఒకసారి తడిస్తే ఎండదు, ఆ తేమే బయటినుంచి తింటుంది. గట్టిగా ఉన్న ట్యాంకును సిట్రిక్ ఆమ్లపు ద్రావణంతో కడిగి, వంటసోడా నీళ్లతో ఆ పులుపును చంపి, వేడి గాలితో వెంటనే ఆరబెట్టి, లోపలంతా తడిసేలా కొంచెం ఇంజను ఆయిలు తిప్పి ఉంచితే చాలు, పూత అక్కర్లేదు. ఆరబెట్టడంలో గంట ఆలస్యమైతే కొత్త తుప్పు మీ కళ్లముందే ఎక్కుతుంది. అయితే ఫిల్టరులో పొడి పేరుకునేదాకా వచ్చిన ట్యాంకు ఈ కోవలోకి రావడం అరుదు.

ఇక చిల్లు పడిన ట్యాంకుకు వెల్డింగ్ చేయించడం. దయచేసి మీ ఇంటి దగ్గర ఆ ప్రయత్నం చేయకండి, తెలిసిన వెల్డర్ ‘నేను చేస్తాను’ అన్నా ఒప్పుకోకండి. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు ఒకటిన్నర శాతానికి చేరితే చాలు, నిప్పు తగలగానే పేలుతుంది. లెక్క వేస్తే, 60 లీటర్ల ట్యాంకులో ఒక చెంచాడు పెట్రోలు ఆవిరైనా ఆ స్థాయి వచ్చేస్తుంది. అతుకుల మడతల్లో అంతకన్నా ఎక్కువే దాగి ఉంటుంది, సెగ తగిలినప్పుడే బయటికి వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ట్యాంకులో నీళ్లు నింపి, పైన వేలెడంత ఖాళీ మాత్రమే ఉంచి గ్యాస్‌తో అతికే పనివారిని నేను చిన్నప్పుడు చూశాను. గాలికి చోటు లేకుండా చేయడమన్న వారి సూత్రం సరైనదే. కానీ అడ్డ రేకుల కింద గాలి ఎక్కడ చిక్కుకుని ఉందో పైనుంచి చూసేవారికి తెలియదు. కొత్త ట్యాంకు దొరుకుతున్న బండికి ఆ ప్రమాదం తెచ్చుకోవలసిన పనే లేదు.

పెద్ద ట్యాంకు సంగతి. మీ వ్యాన్ ట్యాంకు, సంవత్సరాన్నిబట్టి కొద్ది తేడాతో, 56 నుంచి 60 లీటర్లు పడుతుంది. ఈ ఇంజను సామానుతో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చిందనుకున్నా సుమారు 450 కిలోమీటర్లు వెళ్లవచ్చు. గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో నడిచే బండిలో అది ఐదారు గంటల ప్రయాణం. అంతసేపు ఈ సీటులో ఆగకుండా కూర్చునేవారు ఉండరు. ఉత్తర స్కాట్లండ్‌లో బంకులు దూరంగా ఉంటాయన్నది నిజమే, కానీ అక్కడ కూడా సగం ట్యాంకు అయ్యాక నింపుకునే అలవాటు ఉంటే ఇబ్బంది రాదు. ఇరవై లీటర్లు అదనంగా పట్టే ట్యాంకు అంటే పెట్రోలు బరువే పదిహేను కిలోలు. ఈ బండికి ఇప్పటికే వెనుక బరువు ఎక్కువ.

బరువుకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది చోటు. మొదటి ట్యాంకు చుట్టూ వదిలిన ఖాళీ ఊరికే వదిలినది కాదు. కింద గేర్‌బాక్సు కదలికకు, వెనుక ఫైర్‌వాల్‌కు, పైన గాలి గొట్టాలు మడత పడకుండా ఉండడానికి అది కావాలి. పెద్ద ట్యాంకు ఆ ఖాళీని తినేస్తుంది. అల్యూమినియం అయితే మరో సమస్య: అది ఉక్కులా కుదుపులను ఏళ్ల తరబడి ఓర్చుకోదు. పెట్రోలు లోపల అటూ ఇటూ కొట్టుకునే ప్రతిసారీ అడ్డ రేకుల అతుకులమీద బరువు పడుతుంది, చివరికి అతుకు పక్కన వెంట్రుకంత పగులు వస్తుంది. మా వర్క్‌షాపుకు అలాంటి ట్యాంకుతో వచ్చిన వ్యాన్‌లో పగులు సరిగ్గా గేర్‌బాక్సుకు పైన వచ్చింది, యజమానికి వాసన తప్ప ఏమీ కనిపించలేదు. పైగా అల్యూమినియంమీద ఉక్కు పట్టీ నేరుగా బిగించి, మధ్యలో తేమ చేరితే, పట్టీ కింద అల్యూమినియమే తినుకుపోతుంది. ఖర్చుకు వెనుకాడకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు పరిశీలించదగినది. బే విండో వ్యాన్ కొలతలకే అవి దొరుకుతున్నాయి. తుప్పు బాధ తీరుతుంది, కానీ ధర బాగా ఎక్కువ. ఏడాది పొడవునా తిప్పే బండికి ఉక్కు చాలు. నెలల తరబడి కదలకుండా నిలిపి ఉంచే బండికైతే స్టెయిన్‌లెస్‌కు పెట్టే డబ్బు వృథా కాదు.

రబ్బరు గురించి మాత్రం కొంచెం విస్తారంగా రాస్తాను, ఎందుకంటే ఈ బండ్లను కాల్చేది అదే.

నిండుగా పోయించినప్పుడే వాసన వస్తోందని మీరు రాసిన మాట చాలా ఉపయోగపడుతుంది. తప్పు ట్యాంకు పై సగంలో ఉందని అది చెబుతోంది. అక్కడ ఉండేవి మూడు. బండి కుడి పక్కన పెట్రోలు పోసే మెడనూ ట్యాంకునూ కలిపే పొట్టి, లావు రబ్బరు గొట్టం ఒకటి. పైభాగంనుంచి వెళ్లే గాలి గొట్టాలు రెండోవి. గేజికి సమాచారం పంపే ఫ్లోట్ యూనిట్ కింద ఉండే వాషరు మూడోది. మొదటిదాన్ని ట్యాంకు బండిలోనే ఉండగా మార్చడం దాదాపు సాధ్యం కాదు కనుక చాలా బండ్లలో అది ఫ్యాక్టరీలో బిగించినదే, అంటే యాభై ఏళ్లనాటిదే ఉంటుంది. పైకి బాగున్నట్టే కనిపించి, వంచితే పెళుసుగా విరుగుతుంది. ఇంకెక్కడో కొత్త ట్యాంకు వేయించుకుని, వాసన పోలేదని మా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. వారి బండిలో మెరిసే కొత్త ట్యాంకుకు పాత గొట్టమే తొడిగి ఉంది. ట్యాంకు నిండా ఉన్నా సగమే ఉన్నా వాసన ఒకేలా వస్తుంటే అది మరో సంగతి: అడుగు గొట్టమో, చిల్లో అయి ఉంటుంది. అటువంటప్పుడు బండి నడపడం వెంటనే ఆపేయాలి.

గాలి గొట్టాలు మూసుకుపోతే దీనికి విరుద్ధమైన చిక్కు వస్తుంది. పెట్రోలు బయటికి పోయేకొద్దీ లోపల గాలి చేరక, పంపు లాగలేకపోతుంది, ఇంజను నీరసిస్తుంది. అనుమానం ఉంటే, ఆగిన వెంటనే పెట్రోలు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే కారణం అదే.

అడుగున బయలుదేరి ఫైర్‌వాల్ దాటి పంపుకు వెళ్లే గొట్టం అన్నింటిలోకీ కీలకం. అది పగిలితే ట్యాంకులో ఉన్నదంతా, ఇంజను ఆపినా సరే, కిందికి కారుతూనే ఉంటుంది, ఎందుకంటే ట్యాంకు పంపుకన్నా ఎత్తులో ఉంది. కింద వేడి ఇంజను, పక్కనే ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్. మీ 1600 ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమలోహం. ఒకసారి అంటుకుంటే మామూలు మంటలా ఆరదు, నీళ్లు పోస్తే మరింత రేగుతుంది. ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు. వేసవి క్యాంపు స్థలాల్లో కాలిపోయిన ఈ వ్యాన్ల చట్రాలు చూసినవారు గొట్టం ధర గురించి బేరం ఆడరు.

గొట్టం కొనేటప్పుడు దానిమీద ఎస్ఏఈ జె30 ఆర్9 (SAE J30 R9) అనే ప్రమాణపు గుర్తు అచ్చు వేసి ఉందో లేదో చూడండి. లోపలి పొర ఫ్లోరిన్ కలిసిన రబ్బరుతో ఉండి ఇథనాల్‌ను తట్టుకునే రకం అది. అచ్చు ఉన్నంతమాత్రాన నమ్మలేని సరుకు కూడా మార్కెట్లో ఉంది. ఆన్‌లైన్ సంతల్లో అసాధారణంగా చౌకగా అమ్మేది కొనకుండా, తయారీదారు పేరు, తేదీ స్పష్టంగా ఉన్న గొట్టం పేరున్న దుకాణంలో తీసుకోండి. గుడ్డ అల్లిక పైపొరగా ఉన్న పాత జర్మన్ రకం అందంగా ఉంటుంది, కానీ లోపలి రబ్బరు పగుళ్లను ఆ అల్లిక కప్పేస్తుంది. ఆ అందం కోసమే దాన్ని వాడేటట్టయితే ఏటా మార్చాలి. ట్యాంకు గొట్టపు వ్యాసాన్ని కొలిచి, సరిగ్గా ఆ మిల్లీమీటర్ల గొట్టమే తొడగండి. అంగుళాల కొలత గొట్టాన్ని క్లాంపుతో నొక్కి సరిపెడితే అది వేడికి వదులవుతుంది. క్లాంపు కూడా పట్టీకి చీలికలు లేని, అంచులు పైకి మడిచిన రకమే కావాలి. చీలికల పట్టీ రబ్బరును కోస్తుంది.

ఫిల్టరు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. పంపుకూ కార్బురేటరుకూ మధ్య, ఇంజనుపైన వేలాడే ప్లాస్టిక్ ఫిల్టరు చాలా బండ్లలో కనిపిస్తుంది. దాని బరువు, కంపనం కలిసి కార్బురేటరులో దిగగొట్టిన చిన్న ఇత్తడి గొట్టాన్ని క్రమంగా వదులు చేస్తాయి. ఒకరోజు ఆ గొట్టం ఊడి, పంపు పెట్రోలును నేరుగా ఇంజనుమీద చిమ్ముతుంది. ఫిల్టరును ట్యాంకుకూ పంపుకూ మధ్య, ఫైర్‌వాల్‌కు అవతల, చేతికి అందేచోట పెట్టించండి.

ఇథనాల్ గురించి రెండు మాటలు. గ్రేట్ బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10 అయింది, అంటే పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. 97 ఆక్టేన్, ఆపై ఉండే సూపర్ రకం మాత్రం ఇ5గానే దొరుకుతోంది. మీ వ్యాన్‌కు ఇ5 పోయించండి. ఇథనాల్ రబ్బరును ఉబ్బించడంతో ఆగదు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇ10 పెట్రోలు సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. చలికి ఆ శక్తి తగ్గి, నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. చలికాలమంతా సగం ఖాళీ ట్యాంకుతో నిలిచిన బండిలో తుప్పు అడుగునే ఎందుకు మొదలవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నిలిపే ముందు ఇ5తో నిండుగా నింపి, ఇథనాల్‌కోసం అమ్మే స్టెబిలైజర్ కలిపితే కొత్త ట్యాంకు ఆయుష్షు చాలా పెరుగుతుంది.

ఈ సమాధానం చదివే మన ఊళ్లవారిలో పాత మారుతి ఓమ్ని వ్యాన్ ఉన్నవారు కొందరు ఉంటారు. అక్కడ ఇప్పుడు బంకుల్లో ఇ20 వస్తోంది కనుక ఈ మాట వారికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ముఖ్యంగా కార్బురేటరు ఉన్న పాత ఓమ్నిలో రబ్బరు గొట్టాలన్నీ మార్చండి, పంపు లోపలి పలుచని పొరను (డయాఫ్రం) చూపించండి, బండిని నెలల తరబడి పావు ట్యాంకుతో నిలపకండి.

కొత్త ట్యాంకు పెట్టెలోంచి తీసి నేరుగా బిగించే వస్తువు కాదు. నకలు ట్యాంకుల్లో గాలి గొట్టాల మొనలు కొద్దిగా పక్కకు ఉండడం, ఫ్లోట్ యూనిట్ కూర్చునే చోటు చదునుగా లేకపోవడం, లోపల తయారీనాటి ఇనుప రజను మిగిలి ఉండడం నేను చూసిన లోపాలు. కనుక పాతదాన్ని పక్కన పెట్టి ప్రతి రంధ్రాన్నీ పోల్చాలి. లోపల శుభ్రమైన పెట్రోలు కొద్దిగా పోసి ఆరుబయట ఊపి, తెల్ల గుడ్డలోంచి వంచి చూడాలి. ఆ తర్వాత రంధ్రాలన్నీ మూసి, అతి తక్కువ గాలి పట్టించి, అతుకులమీద సబ్బునీళ్లు పూయాలి. సైకిలు పంపుతో 0.1 బార్, మహా అయితే 0.2 బార్ చాలు. కంప్రెసర్ గొట్టం తగిలిస్తే ట్యాంకు ఉబ్బి ఆకారం పోతుంది. ఇవన్నీ అయ్యాకే బయట రంగు వేయించండి, ఎందుకంటే రంగు వేసిన ట్యాంకును దుకాణం వెనక్కి తీసుకోదు.

ఫ్లోట్ యూనిట్‌ను కూడా బిగించే ముందే మల్టీమీటరుతో పరీక్షించండి. ఈ బండిలో ఖాళీ దగ్గర సుమారు 70 ఓములు, నిండు దగ్గర సుమారు 10 ఓములు రావాలి. అంకెలకన్నా, ఫ్లోట్‌ను నెమ్మదిగా ఎత్తుతున్నప్పుడు మీటరు తెగకుండా ఒకే తీరున తగ్గడం ముఖ్యం. ఈ పరీక్ష చేయక, అన్నీ బిగించాక గేజి పనిచేయడం లేదని మళ్లీ ఇంజను దించిన ఉదంతాలు ఉన్నాయి. ఆ భయంతోనే కొందరు సామాను చదునుకు కంత కోసి, ఫ్లోట్ అందేలా మూత పెట్టించుకుంటారు. బండి అసలు రేకును కోయడం నాకు ఇష్టం లేదు, కానీ తప్పు అనను. కోయించేటట్టయితే ట్యాంకు బయట ఉన్నప్పుడే కోయించాలి, మూతకు గాలి చొరని గాస్కెట్ వేయించాలి. మీరు ఆ చదునుమీదే పడుకుంటారని మరచిపోకండి.

మున్ముందు కార్బురేటరు తీసి పెట్రోలు ఇంజెక్షన్ పెట్టించే ఆలోచన ఏమాత్రం ఉన్నా, పెట్రోలు తిరిగి వచ్చే గొట్టం ఉన్న ట్యాంకునే కొనండి. ఈ తరం వ్యాన్లలో ఇంజెక్షన్ ఉన్నవాటికి ఆ మొన ఉంటుంది. ప్రస్తుతానికి దానికి మూత బిగిస్తే కార్బురేటరుకు ఏ ఇబ్బందీ లేదు.

పని మొదలుపెట్టే ముందు బండి నడిపి పెట్రోలును పావు ట్యాంకుకు తీసుకురండి. బ్రిటన్‌లో ఇంటి దగ్గర, ముందుగా తెలియజేయకుండా, డబ్బాల్లో ఉంచుకోగలిగిన పెట్రోలు మొత్తం 30 లీటర్లే. ప్లాస్టిక్ డబ్బా 10 లీటర్లకు, లోహపు డబ్బా 20 లీటర్లకు మించకూడదు. నిండు ట్యాంకుతో మొదలుపెట్టి ఎక్కడ పోయాలో తెలియక బక్కెట్లు వెతికేవారిని చూశాను. బ్యాటరీ తీసేయండి, ఆరుబయట చేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కనుక గ్యారేజీ గుంతలో చేరి నిలుస్తుంది. గుంతమీద ఈ పని ఎప్పుడూ చేయకూడదు. కరెంటు తీగతో లాగి తెచ్చే దీపం వాడకండి.

ట్యాంకు బయటికి వచ్చాక ఆ ఖాళీని తొందరపడి మూసేయకండి. ట్యాంకు కూర్చునే రేకు తుప్పు గీకి, రంగు వేయించండి. ఫెల్టు స్థానంలో నీరు పీల్చని రబ్బరు పట్టీ వేయించండి. బ్యాటరీ పళ్లెం తిన్నదేమో చూడండి. గేర్‌బాక్సు పైభాగం ఇంత చక్కగా మళ్లీ కనిపించదు కనుక స్టార్టరు తీగలు, క్లచ్ కేబులు కూడా చూసుకోండి. పట్టీలు కొత్తవే వాడండి.

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని వాహనాలకు 2018 మే 20 నుంచి బ్రిటన్‌లో ఎంఓటీ, అంటే వాహనం రోడ్డుకు తగినదో కాదో చూసే వార్షిక తనిఖీ, తప్పనిసరి కాదు. అంటే మీ బండి కిందికి ఏటా తొంగి చూసే మనిషి లేరు. ఈ పని అయ్యాక స్వచ్ఛందంగా ఎంఓటీ చేయించుకోండి. ట్యాంకు బిగింపునూ, లీకులనూ మరో కన్ను చూస్తుంది. అన్నీ విన్నాక కూడా పెద్ద ట్యాంకే కావాలనుకుంటే, ఆ మార్పును బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా చెప్పండి.

బిగించాక మొదట పది లీటర్లే పోయండి. ఇంజను వేడెక్కేదాకా నడిపి, ఆపి, టార్చితో ప్రతి క్లాంపునూ చూడండి. అంతా పొడిగా ఉంటే ఆ తర్వాత నిండుగా పోయించి, చదునైన చోట రాత్రంతా నిలిపి, పొద్దున తలుపు తెరవగానే వాసన చూడండి. మొదటి నెల తర్వాత క్లాంపులను మరోసారి బిగించి చూడాలి, ఎందుకంటే కొత్త రబ్బరు కొద్దిగా కుదురుకుంటుంది. గొట్టాలు మార్చిన తేదీని ఫైర్‌వాల్ రేకుమీద పెయింటు పెన్నుతో రాసి ఉంచండి, ఐదేళ్లకు, ఏ గొట్టం బాగా కనిపించినా సరే, అన్నీ మార్చండి. అగ్నిమాపక సిలిండర్‌ను ఇంజను దగ్గర కాకుండా ముందు సీటు దగ్గర పెట్టుకోండి.

పాత ట్యాంకు దించాక అడుగు గొట్టం మొదలు, ఫ్లోట్ యూనిట్ కింది వైపు, మెడ గొట్టం లోపలి ముఖం, ఈ మూడింటి ఫొటోలు ఇక్కడే పెట్టండి. ఇంజను ఇంకా కిందే ఉండగా చూస్తే, ఇంకేమైనా తెప్పించుకోవలసి ఉంటే చెప్పగలను.